తాతయ్య పండుగకు మేమే డీజే

రాయపూర్‌లో ‘డీజే’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వీధిలో ఎవరినైనా అడిగితే డీజే అంటే ఒక బండి. చిన్న లారీ మీద నిలువెత్తు స్పీకర్లు పేర్చి, జనరేటర్ కట్టి, పెళ్లి ఊరేగింపులోనో వినాయక నిమజ్జనంలోనో నడిపిస్తారే, అది. దానికి అన్నలాంటిది ధుమాల్. అందులో డప్పులు, కీబోర్డులు వాయించే మనుషులనే బండెక్కించి తీసుకెళతారు. రాయపూర్, దుర్గ్, నాగ్‌పూర్ వైపు ధుమాల్ లేని ఊరేగింపు చప్పగా ఉందంటారు. రెండో అర్థంలో డీజే అంటే మనిషి. ఒక పాట అయిపోయేలోగా తర్వాతి పాట ఏది, ఎప్పుడు, ఎంత గట్టిగా అని నిర్ణయించే మనిషి. మేం రాస్తున్నది ఈ రెండో అర్థం గురించే. మొదటి అర్థం తెచ్చిపెట్టే తగవుల గురించి కూడా కొంత చెప్పక తప్పదు.

మేమిద్దరం అక్కాచెల్లెళ్లం. ఒకరిది పదకొండో తరగతి సైన్సు, ఇంకొకరిది ఎనిమిది. ఫిబ్రవరిలో మా తాతయ్యకు డెబ్భై నిండాయి. పొద్దున ఇంట్లో భీమరథ శాంతి. సాయంత్రం క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో షామియానా, భోజనాలు, పాటలు. బయటి డీజే వాళ్లు చెప్పిన రేటు విన్నాక నాన్న మా వైపు తిరిగి, “మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉందిగా” అన్నారు. అదే మా నియామక పత్రం. గడువు మూడు వారాలు. ఆ మూడు వారాల్లో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో, ఏదో ఒక వీడ్కోలు విందుకో చెల్లి పుట్టినరోజుకో ఈ పని మీలో ఎవరికైనా వచ్చి తగలవచ్చు.

ఈ పని మొదలైన కథ కూడా ఒక ఇంటి పార్టీదే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ భవనం కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కావాలి. అందుకని ప్రవేశానికి చిల్లర వసూలు చేసింది. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. వయసు 18. ‘కూల్ హెర్క్’ అనే పేరుతో లోకానికి తెలిసింది అతనే. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కను ఒకదాని తర్వాత ఒకటిగా మార్చి మార్చి వేస్తూ దాన్ని సాగదీయడం అతని పేరు మీద నిలిచిన పద్ధతి. హిప్ హాప్ పుట్టిన రోజుగా చాలామంది ఆ తేదీనే చెప్పుకుంటారు.

ఆ కథలో మాకు నచ్చిన సంగతి వేరే ఉంది. క్యాంప్‌బెల్ కుటుంబం జమైకా నుంచి వలస వచ్చింది. ఆ సాయంత్రం అతను ముందు తన ఊరి పాటలు వేశాడని, జనం కదలకపోయేసరికి అమెరికా సోల్, ఫంక్ పాటలకు మారాడని చెబుతారు. కొత్త ఊళ్లో మన పాట వేస్తే ఎవరూ లేవకపోవడం ఎలా ఉంటుందో కేంద్రీయ విద్యాలయం పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక సామాను. టర్న్‌టేబుళ్లు అక్కర్లేదు, ఖరీదైన డీజే పరికరమూ అక్కర్లేదు. మా దగ్గర ఉన్నవి ఒక పాత ల్యాప్‌టాప్, ‘మిక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అద్దెకు తెచ్చిన రెండు స్పీకర్లు, ఒక మైకు, ఒక చిన్న మిక్సర్. కొన్నది ఒక్కటే, వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డు. దాని అవసరం చెబితే డీజే పని సగం అర్థమైనట్టే. ల్యాప్‌టాప్‌కు శబ్దం బయటికి వచ్చే దారి మామూలుగా ఒకటే. డీజేకు రెండు కావాలి. ఒక దారి స్పీకర్లకు, అంటే జనానికి. రెండో దారి మన హెడ్‌ఫోన్‌కు. జనం ఒక పాట వింటుండగా మనం తర్వాతి పాటను చెవిలో విని, మొదట్లో ఉన్న ఖాళీని దాటించి, సరిగ్గా దెబ్బ పడే చోట ఆపి సిద్ధంగా ఉంచుకోవాలి. దీన్ని ‘క్యూ’ చేయడం అంటారు. వడ్డించేవాడు సాంబారు పోస్తూనే పెరుగు గిన్నె ఎక్కడుందో చూసుకుంటాడు కదా, అలాంటిదే.

పాటలన్నీ ముందే ల్యాప్‌టాప్‌లో దాచుకోవాలి. ఇంటర్నెట్‌లోంచి నేరుగా వేస్తే పాట మధ్యలో ప్రకటన వచ్చి, తాతయ్య పండుగలో ఎవరిదో సబ్బు గురించి అందరూ వినాల్సి వస్తుంది. ఫోన్‌తో పాటలు వేసేవాళ్లు దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలి. లేకపోతే దారి అడగడానికి ఫోన్ చేసిన చుట్టాల రింగ్‌టోన్ కూడా స్పీకర్లలోంచి వస్తుంది. స్పీకర్లు అన్నిటికంటే చివర ఆన్ చేయాలి, అన్నిటికంటే ముందు ఆఫ్ చేయాలి. ఈ వరస తప్పితే ‘ఢబ్’మని ఒక దెబ్బ పడుతుంది. అది స్పీకరుకూ మంచిది కాదు, దాని పక్కన నిద్రపోతున్న చంటిపిల్లకూ మంచిది కాదు. మైకు ఎప్పుడూ స్పీకర్ల వెనక వైపే ఉండాలి. ముందుకు తెస్తే, స్పీకరులోంచి వచ్చిన శబ్దమే మైకులోకి పోయి, పెరిగి, మళ్లీ స్పీకరులోంచి వచ్చి, ఆ చక్రం ఆగక కూత పెడుతుంది.

లెక్కల సంగతికి వద్దాం. పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలు అని కొలుస్తారు, బీపీఎం అంటారు. గడియారం చూస్తూ పదిహేను సెకన్లు కాలితో తాళం వేయండి. ముప్ఫై దెబ్బలు వస్తే నాలుగుతో గుణించి 120. తర్వాతి పాట 126 అనుకుందాం. రెండూ కాసేపు కలిసి మోగాలంటే 120ని 5 శాతం పెంచాలి, లేదా 126ని కొంచెం తగ్గించాలి. సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక జారుడు మీట ఉంటుంది. మా చెవికి 5 శాతం దాటితే పాడేవాళ్లు ఎవరో తరుముతున్నట్టు అనిపించింది. ‘సింక్’ అనే మీట నొక్కితే ఈ లెక్కంతా యంత్రమే చేస్తుంది. వాడుకోవచ్చు. కానీ ఒక వారమైనా చెవితో చేసి చూడండి. ఎందుకంటే మన తెలుగు పాటల దగ్గర యంత్రం తరచు చేతులెత్తేస్తుంది.

దానికి రెండు కారణాలున్నాయి. పాత సినిమా పాటల్లో వాద్యబృందమంతా ఒకే గదిలో కూర్చుని వాయించేది. మనుషులు వాయిస్తే వేగం ఎక్కడో కొద్దిగా పెరుగుతుంది, ఎక్కడో కొద్దిగా తగ్గుతుంది. పల్లవిలో కొలిచిన లెక్క చరణంలో పనిచేయదు. రెండో కారణం నడక. మృదంగమో తబలానో నేర్చుకుంటున్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ‘తకధిమి తకధిమి’ అని నాలుగు నాలుగుగా నడిచే పాటలు కొన్ని, ‘తకిట తకిట’ అని మూడు మూడుగా నడిచేవి కొన్ని. హిందీ పార్టీ పాటలు ఎక్కువగా నాలుగు నడకవి. హైదరాబాద్ తీన్మార్ దెబ్బ మూడు నడకది. కీరవాణి ‘నాటు నాటు’ కూడా అంతే. 2023లో ఆస్కార్ అందుకున్న ఆ పాట ఆరు మాత్రల మీద గంతులేస్తుంది. తకధిమి మీద తకిటను పేరిస్తే బీపీఎం కలిసినా కాళ్లు కలవవు. ఆడేవాళ్లు ఒక్క క్షణం నిలబడిపోయి మన వైపు చూస్తారు.

ఇంటి పార్టీలో దీనికి మంచి ఉపాయం కలపకపోవడమే. మొదటి పాటను చక్కగా ముగియనివ్వాలి. రెండు సెకన్ల నిశ్శబ్దం. మైకులో ఒక మాట: “కేకు దగ్గరికి చిన్నపిల్లలు రావాలి”. అప్పుడు రెండో పాట. పెద్ద క్లబ్బుల్లో పాట ఆగితే లోపమంటారేమో కానీ చుట్టాల మధ్య ఆ రెండు సెకన్లు చెమట తుడుచుకోవడానికి పనికొస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు మిక్సింగ్ మీద పెట్టే శ్రమలో సగం పాటల ఎంపిక మీద పెడితే ఎక్కువ లాభమని మా అభిప్రాయం.

ఎంపిక కోసం మేం ఒక నోటుపుస్తకం పట్టుకుని వచ్చేవాళ్లందరినీ అడిగాం. కొందరిని వాళ్ల ఇళ్లకు వెళ్లి, కొందరిని ఫోన్లో. “మీకే పాట ఇష్టం?” అని అడిగితే పెద్దవాళ్లు అందరూ “ఏదైనా వెయ్యండమ్మా” అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. ప్రశ్న మార్చాం. “మీ పెళ్లిలో ఏ పాట మోగింది?” అన్నాం. అప్పుడు పుస్తకం నిండింది. పార్వతీపురం నుంచి వచ్చే పెద్దత్తయ్య పాటే కాదు, మైక్‌సెట్ అబ్బాయి ఆ ఒక్క రికార్డే అరిగిపోయేదాకా వేశాడని కూడా చెప్పింది. చిన్నాన్న పెళ్లికి క్యాసెట్ టేపు చుట్టుకుపోతే పెన్సిల్‌తో తిప్పారట. మా వరండాకు ఎదురు వరండా ఒడియా ఆంటీ, పై అంతస్తు బెంగాలీ అంకుల్, తాతయ్యతో కలిసి పనిచేసిన ఛత్తీస్‌గఢీ స్నేహితులు, అందరూ తలా ఒకటి చెప్పారు. బొబ్బిలి బావ మాత్రం ప్రశ్నతో సంబంధం లేకుండా పదకొండు పాటలు చెప్పాడు. అతనికింకా పెళ్లి కాలేదు.

రాయపూర్‌లో మనవాళ్లు ఇంతమంది ఎందుకున్నారని పుస్తకం నిండుతుంటే మాకే అనుమానం వచ్చింది. దానికి జవాబు రైలు పట్టాల్లో ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908-09లో వచ్చింది. అక్కడి నుంచి కొండలు దాటి రాయపూర్ దాకా పూర్తయింది 1931లో. ఆ దారి వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు పనికోసం ఇటు రావడం మొదలై తరాలు గడిచాయి. తాతయ్యా అలా వచ్చినవారే. ఈ ఊళ్లో తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లు ఒకే వాక్యంలో మూడు భాషలు మాట్లాడతారు. అందుకని పాటల పట్టిక కూడా అలాగే ఉండాలి అనుకున్నాం. వరసగా ఆరు తెలుగు పాటలు వేస్తే ఒడియా ఆంటీ కుర్చీలోంచి లేవదు. వరసగా ఆరు హిందీ పాటలు వేస్తే నానమ్మ లోపలికెళ్లి పడుకుంటుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు దాటడానికి మధ్యలో వంతెనలాంటి పాట కావాలి, అందరికీ తెలిసినది. మాకు బాగా పనికొచ్చిన వంతెన ‘గేందా ఫూల్’. 2009లో ‘ఢిల్లీ-6’ సినిమాతో దేశమంతా పాకింది కానీ దాని మూలం ఛత్తీస్‌గఢీ జానపదం. ఇక్కడి ఆడవాళ్లు సినిమా రాకముందు నుంచీ పాడుకునేదే. అది మొదలవగానే ఎవరు ఏ భాషవాళ్లో తెలియకుండా పోయింది.

నాన్న ఉద్యోగం వల్ల మేం నాగ్‌పూర్, భువనేశ్వర్, హైదరాబాద్ తిరిగి ఇక్కడికి వచ్చాం. ప్రతి ఊళ్లోనూ స్నేహితులు పంపిన పాటలు ఫోన్లో అలాగే ఉండిపోయాయి. ఒకే ఊళ్లో పెరిగిన పిల్లలకు ఈ సంచి ఉండదు. మీ ఫోన్లో కూడా ఇలాంటి సంచి ఉండే ఉంటుంది, పాటలు చెరిపేసే ముందు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. తాతయ్య ముప్ఫై ఏళ్లకు పైగా ఒక వర్క్‌షాపులో ఇనుము మీద ఇనుము కొట్టే చోట పనిచేశారు. ఆ రోజుల్లో అక్కడ చెవులకు ఏమీ పెట్టుకునేవారు కారు. ఆయనకు ఇప్పుడు మాటలు సరిగా వినబడవు. అలాగని గట్టిగా అరిస్తే చిరాకు పడతారు. “మాట వినబడదు గానీ, మోత మాత్రం గుండెలో గుద్దినట్టుంటాదమ్మా” అంటారు. పండుగ ఆయనది, ఆ రోజు అందరికంటే ఇబ్బంది పడేది కూడా ఆయనే. వినబడనివాళ్లకు శబ్దం పెంచితే సరిపోతుందనే అందరూ అనుకుంటారు. అలా ఎందుకు కాదో తెలుసుకోవడానికి మేం జీవశాస్త్రం పుస్తకం తీశాం.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15,000 రోమకణాలు. శబ్దం వాటిని ఊపితే అవి మెదడుకు కబురు పంపుతాయి. చాలాకాలం పెద్ద శబ్దం తగిలితే అవి చచ్చిపోతాయి. మనుషుల్లో మళ్లీ మొలవవు. మోత వల్ల కలిగే చెవుడు సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. స, శ, త, క లాంటి హల్లుల పదునంతా ఆ ఎత్తైన పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. అవి పోతే అచ్చులు మిగులుతాయి, మాట ముద్దగా మారుతుంది. “పాట” అన్నామో “బాట” అన్నామో తేలదు. పైగా ఇలాంటి చెవికి చిన్న శబ్దం అసలు వినబడదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు చెవికి వినబడినంత పెద్దగానే వినబడుతుంది. మధ్యలో సుఖంగా వినగల మేర కుదించుకుపోతుంది. తాతయ్య చెప్పింది అక్షరాలా అదే.

డీజే మిక్సర్ మీద ప్రతి పాటకూ మూడు నాబ్‌లు ఉంటాయి: కింది శబ్దం, మధ్య శబ్దం, పై శబ్దం. చాలామంది మొదటిరోజే కింది నాబ్‌ను, అంటే బేస్‌ను, చివరిదాకా తిప్పేస్తారు. దానివల్ల ఛాతీ అదురుతుంది, మాట మాత్రం మునిగిపోతుంది. తక్కువ పౌనఃపున్యపు మోత పై శబ్దాలను కప్పేస్తుంది కాబట్టి. బేస్ తగ్గించి మధ్య నాబ్ కొంచెం లేపితే, మొత్తం శబ్దం పెంచకుండానే పాటలో మాటలు తేలతాయి. భోజనాల వేళకు మేం ఇలాగే చేశాం. తాతయ్య కోసం ఏరిన పాటలు కూడా గొంతు ముందుండి వాయిద్యాలు వెనకుండేవి. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ నాటివి, అంతకంటే పాతవి. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కొత్త పాటలను గట్టిగా మోగేలా తయారుచేస్తారు, పాతవి మెల్లగా ఉంటాయి. పాత పాట కోసం మాస్టర్ పెంచి, తర్వాత కొత్త పాట వేస్తే అందరూ ఉలిక్కిపడతారు. అందుకని ప్రతి పాటకూ వేరుగా ఉండే ‘గెయిన్’ నాబ్‌తో ముందే సమం చేసుకోవాలి, మాస్టర్ ముట్టుకోకూడదు. ఎర్రదీపం వెలిగిందంటే శబ్దపు అల తల తెగుతోందని అర్థం. అప్పుడు గట్టిగా కాదు, బొంగురుగా మోగుతుంది.

ఎంత శబ్దం ఎంతసేపు ఫరవాలేదన్నదానికి లెక్క ఉంది. 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1. 100 దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. బండి డీజే పక్కన ఊరేగింపులో నడిచేవాళ్లు ఎంతసేపు నడుస్తారో మీరే చూసి ఉంటారు.

చట్టం ఇంకా కఠినంగా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిసర శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. లౌడ్‌స్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. బహిరంగ స్థలంలో వాడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం, అక్కడి ప్రమాణం కంటే 10 ఎక్కువ లేదా 75, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతలోపు ఉండాలి. అంటే మా షామియానా స్థలానికి 65. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు పనికిరాదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు కానీ మన ఇంటి పండుగ ఆ లెక్కలోకి రాదు. మనిషికి ప్రశాంతంగా బతికే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు 2005 జులై 18 నాటి తీర్పులో చెప్పింది. మన రాష్ట్రంలోనైతే బిలాస్‌పూర్‌లోని హైకోర్టు, డీజేల రొద మీద పత్రికల్లో వచ్చిన వార్తలు చూసి తనంతట తానే విచారణ చేపట్టింది. కాబట్టి ఈ ఊళ్లో డీజే నేర్చుకునేవాళ్లకు ఇది పాఠ్యాంశంలో భాగమే.

65 అంటే ఇద్దరు కాస్త గొంతు పెంచి మాట్లాడుకున్నంత. అంతలో డాన్స్ ఎలా? ఇక్కడ భౌతికశాస్త్రం ఆదుకుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరం పది రెట్లయితే 20 తగ్గుతుంది. మా స్పీకర్ల నుంచి సరిహద్దు గోడ సుమారు 20 మీటర్లు. గోడ దగ్గర 65 ఉండాలంటే స్పీకరుకు 2 మీటర్ల దగ్గర 85 ఉండవచ్చు. గోడలు తిప్పికొట్టే శబ్దం వల్ల నిజంలో లెక్క కొంచెం మారుతుంది కాబట్టి మధ్యాహ్నమే ఒకరు పాట పెట్టి, ఒకరు ఫోన్లో డెసిబెల్ కొలిచే యాప్‌తో గోడ వెంట నడిచాం. ఫోన్ కొలత ఉజ్జాయింపే, ఆ మాత్రం చాలు. సరిపోయిన చోట మాస్టర్ నాబ్ పక్కన ఎర్ర టేపు ముక్క అతికించాం. స్పీకర్లను స్టాండ్ల మీద తలల ఎత్తుకు లేపి, పక్క బ్లాకు వైపు కాకుండా ఖాళీ మైదానం వైపు తిప్పాం. నేల మీద, మూలలో పెడితే బేస్ ఊరికే పెరుగుతుంది. ఆ పెరిగిన బేస్ గోడలకు ఆగదు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. ఇంట్లో తలుపేసుకున్నా లోపలికి వస్తుంది. పక్క బ్లాకులో పన్నెండో తరగతి అక్కకు బోర్డు పరీక్షలు వారం దూరంలో ఉన్నాయి. ఆమె గది కిటికీ మా షామియానా వైపే.

సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టాం. వచ్చేవాళ్లు పలకరించుకునేంతసేపు సన్నాయి, వీణ. చిన్నపిల్లలకు ఏడింటి దాకా. వాళ్లు ముందే అలసిపోతారు, ఆకలేస్తే ఏడుస్తారు. తర్వాత గంటంపావు డాన్స్. అందరూ ఎదురుచూసే పాటను మొదటే వేసేయకూడదని చదివాం కానీ దానికంటే పనికొచ్చింది కాళ్లు చూడటం. కుర్చీల్లో ఉన్నవాళ్ల చెప్పులు తాళం వేస్తున్నాయంటే ఇంకో పాటకు లేస్తారు. లేచినవాళ్లు ఫోన్లు తీస్తున్నారంటే ఆ పాట అయిపోయినట్టే. తెర మీద గీతలు చూస్తూ కూర్చుంటే ఇవేమీ కనబడవు. అందుకే ఒకరం ల్యాప్‌టాప్ దగ్గర, ఒకరం జనంలో ఉన్నాం.

ఎనిమిదింటికి చిన్నాన్న, బావ కలిసి వచ్చారు. “ఇదేటర్రా, ఆసుపత్రిలో రేడియోలాగుంది, పెంచండి” అన్నారు. టేపు ముక్క చూపించినా వినలేదు. అప్పుడు ఆ లెక్కనే తిరగేశాం. వాళ్లు ఆడుతున్నది స్పీకర్లకు నాలుగు మీటర్ల దూరంలో. “అందరూ రెండు మీటర్లకు రండి” అని మైకులో పిలిచాం. దూరం సగమైంది, నాబ్ ముట్టుకోకుండానే వాళ్ల చెవులకు 6 డెసిబెల్స్ పెరిగింది. గోడ దగ్గర ఏమీ మారలేదు. బావకు తృప్తి కలిగింది. నాబ్ తిప్పామనే అతను ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఇది చదివితే తెలుస్తుంది.

తాతయ్య కుర్చీని ముందు నుంచే స్పీకర్లకు దూరంగా, భోజనాల బల్లల అవతల వేశాం. ఎనిమిదిన్నరకు వడ్డన మొదలయ్యాక బేస్ తగ్గించి పాత పాటలు పెట్టాం. మూడో పాట దగ్గర ఆయన తినడం ఆపి, ఆ సినిమా చూసింది పార్వతీపురంలోనా విజయనగరంలోనా అని నానమ్మతో వాదన పెట్టుకున్నారు. నానమ్మ ఏదో అంది. ఆయన దానికి బదులు చెప్పారు. మాట వినబడితేనే కదా వాదన సాగేది. మేం మిక్సర్ దగ్గర్నుంచి చూస్తూ ఆ పాటను ఇంకోసారి వేశాం. డీజే పుస్తకాల్లో అలా చేయకూడదంటారు.

పదికి పది నిమిషాల ముందు చివరి పాట అని చెప్పి, పదికి ముందే ఆపేశాం. చెప్పకుండా ఆపితే అందరికీ కోపం వస్తుంది. చివరిదని ముందే చెబితే ఆ పాటకు కుర్చీల్లోవాళ్లు కూడా లేస్తారు. లౌడ్‌స్పీకరుకే కానీ గొంతుకు అనుమతి అక్కర్లేదు. షామియానా కింద ఛత్తీస్‌గఢీ ఆంటీలు చప్పట్లతో మెల్లగా ఏదో ఎత్తుకున్నారు. పెద్దత్తయ్య వాళ్ల పక్కన కూర్చుని అర్థం తెలియకపోయినా తాళం వేసింది.

మేం ముందు స్పీకర్లు ఆఫ్ చేసి, తర్వాత మిక్సరు, ల్యాప్‌టాప్ ఆపాం. వైర్లు చేతికి బిగించి చుట్టకుండా వదులుగా పెద్ద చుట్టలుగా చుట్టి, ఏది దేనిదో కాగితం ముక్కలు అతికించి, లెక్క చూసుకుని డబ్బాలో పెట్టాం. అద్దె సామాను తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క వైరు తగ్గినా డబ్బు పట్టుకుంటారు. పాటల నోటుపుస్తకాన్ని ఫోటోలు తీసి అడిగినవాళ్లందరికీ పంపాం. బెంగాలీ అంకుల్‌కు మార్చిలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. వాళ్ల వీడ్కోలు విందుకు మమ్మల్నే అడిగారు. ఆయన పెళ్లి పాట ఏదో మా దగ్గర ముందే రాసి ఉంది.